ప్యాటర్న్‌ల పోలిక, 4వ పాఠం: బొమ్మ చూడకండి, "ఎవరు?" అని అడగండి

పోయిన పాఠం చివర స్ట్రాటజీ, స్టేట్ అనే రెండు డిజైన్ ప్యాటర్న్‌లకు (కోడ్‌లో తరచూ వచ్చే సమస్యలకు వాడే పరిష్కార నమూనాలకు) తేడా ఒక్క వాక్యంలో రాయమన్నాను. మీ జవాబుల్లో ఒక మాట మళ్లీ మళ్లీ కనిపించింది: "స్ట్రాటజీ రన్‌టైమ్‌లో (ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు) మారుతుంది." ఇంటర్వ్యూలో ఇలా చెబితే వెంటనే వచ్చే ప్రశ్న, "మరి స్టేట్ రన్‌టైమ్‌లో మారదా?" అక్కడ నోరు పెగలదు. నేను పాఠాన్ని క్లాస్ డయాగ్రమ్‌తో మొదలుపెట్టడం వల్లే ఈ చిక్కు వచ్చింది. రెండింటి బొమ్మా ఒకటే కాబట్టి, తేడా కోసం చేతికందిన మాట పట్టుకున్నారు. ఒక ఆబ్జెక్ట్‌ను ఇంకో ఆబ్జెక్ట్‌తో చుట్టే ప్యాటర్న్‌లైన డెకరేటర్, ప్రాక్సీల దగ్గరికి వెళ్లేముందు దీన్ని సరిచేసుకుందాం.

"రన్‌టైమ్" అనే మాటను మీ జవాబుల్లోంచి తీసేయండి. ఇంటర్‌ఫేస్ వెనక ఏ ఆబ్జెక్ట్ ఉందో నడుస్తున్నప్పుడే తేలుతుంది. స్ట్రాటజీ, స్టేట్, డెకరేటర్, ప్రాక్సీ అన్నింటికీ అదే వర్తిస్తుంది. అన్నింటికీ వర్తించే మాట దేన్నీ విడదీయలేదు. 1994లో 23 ప్యాటర్న్‌లను ఒకచోట చేర్చిన నలుగురు రచయితలు కూడా ప్రతి ప్యాటర్న్‌కూ ముందు ఉద్దేశం రాసి, బొమ్మను ఆ తర్వాతే చూపించారు.

మరి విడదీసేది ఏది? "మార్చేది ఎవరు?" అన్న ప్రశ్న.

జావాలో లిస్టును సార్ట్ చేసేటప్పుడు కంపారేటర్ ఇస్తాం, అంటే రెండింటిలో ఏది ముందు రావాలో చెప్పే ఆబ్జెక్ట్. పేరును బట్టి సర్దాలా, తేదీని బట్టా అన్నది పిలిచేవాళ్ల ఇష్టం. పేరు కంపారేటర్‌కు తేదీ కంపారేటర్ ఉందన్న సంగతే తెలియదు. ఇది స్ట్రాటజీ.

ఇప్పుడు ఒక ఆర్డర్ తీసుకోండి. డబ్బు కట్టిన స్థితిలో క్యాన్సిల్ మెథడ్‌ను పిలిస్తే రీఫండ్ మొదలై, ఆర్డర్ రద్దయిన స్థితికి వెళుతుంది. సరుకు బయల్దేరాక అదే మెథడ్‌ను పిలిస్తే ఒప్పుకోదు. పిలిచేవాళ్లు అడిగింది రద్దు మాత్రమే. తర్వాతి స్థితి ఏమిటో వాళ్లు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. ఇది స్టేట్.

ఇక్కడే ఇంకో గుంట ఉంది. "స్టేట్ ఆబ్జెక్టే తర్వాతి స్టేట్‌ను నిర్ణయిస్తుంది" అని కొందరు రాశారు. కొన్నిసార్లు నిజమే. కానీ ఆ పని కాంటెక్స్ట్ (స్థితిని తనలో పెట్టుకున్న ఆబ్జెక్ట్, ఇక్కడ ఆర్డర్) కూడా చేయొచ్చు, ఆర్డర్ క్లాస్‌లో ఒక టేబుల్ పెట్టుకుని. ఏ దారైనా సరే, నిర్ణయం లోపలే జరగాలి. స్టేట్‌ను మార్చే సెట్టర్‌ను పబ్లిక్ చేశారంటే, సరుకు బయల్దేరిన ఆర్డర్‌ను ఎవరైనా "ఇంకా డబ్బు కట్టలేదు" అన్న స్థితికి తోసేయగలరు. రాసింది స్టేటే అయినా కాపలా పోయింది. మీరు పంపిన కోడ్‌లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఈ సెట్టరే.

నా అలవాటు ఒకటి చెబుతాను: ఒకే మెథడ్ ఉన్న స్ట్రాటజీకి నేను క్లాస్ రాయను, లాంబ్డా (పేరులేని చిన్న ఫంక్షన్) పంపేస్తాను. స్థితులు రెండే ఉంటే స్టేట్ ప్యాటర్న్ జోలికే పోను, ఒక ఇఫ్ చాలు. ఇంటర్వ్యూలో ఈ మాట ధైర్యంగా చెప్పండి, కారణంతో సహా.

ఇక ఈ రోజు పాఠం. అడాప్టర్ తేలిక, ఇంటర్‌ఫేస్‌నే మారుస్తుంది. బైట్లు ఇచ్చే స్ట్రీమ్‌ను అక్షరాలు ఇచ్చే రీడర్‌గా చూపే ఇన్‌పుట్‌స్ట్రీమ్‌రీడర్ అలాంటిదే. డెకరేటర్, ప్రాక్సీ రెండూ ఇంటర్‌ఫేస్‌ను అలాగే ఉంచుతాయి కాబట్టి మళ్లీ అదే ప్రశ్న: చుట్టింది ఎవరు?

ఫైల్ స్ట్రీమ్‌ను తీసుకుని బఫర్డ్ స్ట్రీమ్‌లో చుట్టేది మీరే. కావాలంటే దానిమీద ఇంకో పొర వేస్తారు. అది డెకరేటర్. స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో మెథడ్‌కు ట్రాన్సాక్షనల్ యానొటేషన్ (ఈ మెథడ్ డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో నడవాలని చెప్పే గుర్తు) పెడితే, మీ ఆబ్జెక్ట్ ముందు ఫ్రేమ్‌వర్క్ మామూలుగా ఒక ప్రాక్సీని నిలబెడుతుంది. పిలిచేవాళ్లకు ఆ సంగతి తెలియదు. అందుకే అదే క్లాస్‌లోని ఒక మెథడ్ ఇంకో మెథడ్‌ను నేరుగా పిలిస్తే, ఆ రెండోదాని యానొటేషన్ పనిచేయదు. పిలుపు ప్రాక్సీ గుండా వెళ్లలేదు మరి. ప్రాక్సీ అర్థమైందో లేదో తేల్చడానికి నేనైతే ఈ ఒక్క ప్రశ్నే అడుగుతాను.

అభ్యాసం: ఐడీఈ (కోడ్ రాయడంలో సాయపడే ఎడిటర్) లేకుండా, 45 నిమిషాల్లో, పైకి మాట్లాడుతూ రాయండి. డేటాబేస్ నుంచి వస్తువు వివరాలు తెచ్చే ఇంటర్‌ఫేస్‌కు క్యాష్ పొర (ఒకసారి తెచ్చినదాన్ని దాచి మళ్లీ ఇచ్చేది) కావాలి. ముందు డెకరేటర్‌గా, తర్వాత ప్రాక్సీగా. షరతు ఒక్కటే: క్యాష్ చేసే మెథడ్‌లో ఒక్క అక్షరం కూడా మారకూడదు. కన్‌స్ట్రక్టర్‌లో, ఆ ఆబ్జెక్ట్‌ను సృష్టించే చోట మాత్రమే మార్పు ఉండాలి. రెండు కోడ్‌ల కింద "ఎవరు?" అన్నదానికి జవాబు ఒక్కో వాక్యంలో రాసి పంపండి. అందులో రన్‌టైమ్ అన్న మాట ఉంటే తిరిగి పంపేస్తాను.