వేసవి ఆర్ట్ క్యాంపుకు ముందు చూసుకోవాల్సినవి

మే నెలలో విజయవాడలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల్నీ, మిగతా పిల్లల్నీ కలిపి ఆర్ట్ క్యాంపు పెట్టేవాళ్లు ముందుగా రంగులు, బ్రష్‌ల లిస్టు రాసుకుంటారు. నేనూ మొదట్లో అదే చేశాను. ఇప్పుడు మాత్రం ముందు హాలు గేటుకు గడియ సరిగ్గా పడుతుందో లేదో చూస్తాను.

ఒక ఏడాది మేమంతా కొండపల్లి బొమ్మలు పంచే హడావిడిలో ఉండగా, ఆటిజం ఉన్న ఎనిమిదేళ్ల బాబు ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్లిపోయాడు. దొరికేసరికి ఏలూరు కాలువ గట్టు మీద నిలబడి నీళ్లు చూస్తున్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు వణుకుతాయి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి నీళ్లంటే విపరీతమైన ఇష్టం. లోతు, ప్రమాదం తెలియకపోవచ్చు, పేరు పెట్టి పిలిచినా పలకకపోవచ్చు. మన ఊళ్లో బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఇళ్ల మధ్య నుంచే పారుతున్నాయి. అందుకే గేటు దగ్గర ఒక మనిషిని పెట్టండి. ఆ మనిషికి ఇంకే పనీ చెప్పొద్దు, టీ తెమ్మని కూడా పంపొద్దు. పిల్ల కనిపించకపోతే ఒకరు నేరుగా నీళ్లవైపు పరుగెత్తాలి, గదులు వెతికే పని రెండోవాళ్లది. ప్రతి పిల్ల జేబులోనూ ఇంటి ఫోన్ నంబరు రాసిన చీటీ ఉండాలి.

వారం ముందే ప్రతి ఇంటికీ ఫోన్ చేయండి. ఫారం ఒక్కటే నింపించుకుంటే సరిపోదు. ఫిట్స్ ఉన్నాయా అన్నచోట కొందరు లేవనే రాస్తారు, ఉన్నాయంటే చేర్చుకోరేమోనని వాళ్ల భయం. అది మన తప్పే, వాళ్లది కాదు. "అమ్మా, పాపను చేర్చుకున్నాం, ఆ టెన్షన్ వద్దు. ఏం జరిగితే ఏడుస్తుందో చెప్పండి" అని అడగండి. అప్పుడు అన్నీ బయటికొస్తాయి. మైకు శబ్దానికి చెవులు మూసుకుంటుందని, తడి మట్టి చేతికంటితే భరించలేదని, రంగులు నోట్లో పెట్టుకుంటుందని, పొద్దున మాత్ర ఏ టైముకు వేస్తారో కూడా. దగ్గర్లోని భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) టీచరు ఒకరు వచ్చి వాలంటీర్లతో ఒక పూట మాట్లాడితే ఇంకా మంచిది.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా అసలే పెట్టొద్దు, గట్టిగా అదిమి పట్టుకోవద్దు. చుట్టుపక్కల కత్తెరలు, కుర్చీలు తీసేయండి. తల కింద మెత్తటి గుడ్డ పెట్టి పక్కకు తిప్పి పడుకోబెట్టండి. గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయాలి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు తాగించకూడదు.

ఇక ఎండ. బెజవాడ ఎండ గురించి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. కానీ ఫిట్స్‌కు వాడే కొన్ని మందుల వల్ల చెమట తక్కువ పడుతుంది, వెన్నుపాము దెబ్బతిన్న పిల్లలకూ అంతే. ఒళ్లు కాలిపోతున్నా చెప్పలేని పిల్లలుంటారు. అందుకే క్యాంపు 7:30కి మొదలుపెట్టి 10 గంటలకు ముగించండి. దాహం వేసేదాకా ఆగకుండా అరగంటకోసారి అందరిచేతా నీళ్లు తాగించండి. చక్రాల కుర్చీలు ఎండలో ఉంచొద్దు, ఆ ఇనుము తొడలకు తగిలితే కాలుతుంది. కుర్చీ ఎక్కించడానికి చెక్క వాలు పెడితే, మెట్టు అరడుగుంటే వాలు కనీసం ఆరడుగులుండాలి.

రంగుల విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. ఎనామిల్, టర్పెంటైన్ వద్దు. కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి చెక్కతో చేస్తారు, రంగుకు ముందు సున్నం పూస్తారు. ఆ పూత, గరుకు కాగితంతో రుద్దడం పనివాళ్ల దగ్గరే అయిపోవాలి. తడి సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం, చెక్క పొడికి ఉబ్బసం ఉన్న పిల్లకు ఊపిరాడదు. రంగులు నోట్లో పెట్టుకునే పిల్లలకు వాటికి బదులు బియ్యప్పిండి, బీట్‌రూట్ రసం ఇవ్వండి. థర్మోకోల్ గుళ్లు, పూసలు, బటన్ బ్యాటరీలు గదిలోకే రానివ్వొద్దు. అలంకరణకు బెలూన్లు కూడా వద్దు. వెన్నుపూస లోపంతో పుట్టిన పిల్లల్లో చాలామందికి ఆ రబ్బరు పడదు, ఊపిరి ఆగేంత అలర్జీ రావచ్చు.

వినపడని పిల్లలకు మీ ముఖం మీద వెలుతురు పడేలా నిలబడి చెప్పండి. చూపు లేని పిల్ల ఉంటే బల్లలు ఒకసారి సర్దాక జరపొద్దు. చేతి పట్టు లేనివాళ్లకు బ్రష్ కాడకు స్పాంజి చుట్టి ఇవ్వండి. బొమ్మ కన్ను పక్కకు పోయినా చెయ్యి పట్టుకుని దిద్దొద్దు.

తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఫొటోలు పెట్టొద్దు. పిల్లల్ని ఎవరు తీసుకెళ్తారో మొదటిరోజే పేర్లు రాయించుకోండి. ఆ లిస్టులో లేని మావయ్య వస్తే ఆయన్ని నీడలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అమ్మకు ఫోన్ చేసి కనుక్కున్నాకే పిల్లను పంపండి.