హైస్కూలు పిల్లల కాళ్ల బలం టేపుతో కొలవడం ఎలా?

కాళ్ల బలం కొలవడానికి జిమ్ము మిషన్లు అక్కర్లేదు. నిలబడ్డ చోటి నుంచే రెండు కాళ్లతో ముందుకు దూకే స్టాండింగ్ బ్రాడ్ జంప్ చాలు. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ ఎంపికల్లోనూ ఇది ఉంటుంది. నల్లగొండ, పాలమూరు వైపు ఏ హైస్కూలు గ్రౌండులోనైనా చేయించొచ్చు. కాకపోతే కొలిచే తీరు ప్రతిసారీ ఒకేలా ఉండాలి.

ముందు నేల చూసుకోండి. మన గ్రౌండ్లలో చాలావరకు మొరమే. పైనున్న సన్నరాళ్ల మీద కాలు జారితే దూకే దూరం తగ్గుతుంది, పిల్లలు పడతారు కూడా. నాలుగు మీటర్ల మేర ఊడ్చి, నీళ్లు చల్లి, గట్టిపడి ఆరాక దూకించండి. ఇసుక గుంత వద్దు, అందులో మడమ గుర్తు చెదిరిపోతుంది. బూట్లయితే ఎప్పుడూ బూట్లు, ఉత్తకాళ్లయితే ఎప్పుడూ ఉత్తకాళ్లు, చెప్పులు అసలొద్దు. ఆడపిల్లల చున్నీ చేతుల ఊపుకు అడ్డం పడుతుంది, తీసి పక్కన పెట్టించండి.

దూకడం మొదలుపెట్టే చోట సున్నంతో అడ్డంగా గీత గీయండి. ఆ గీత నలుగురు దూకేసరికే చెరుగుతుంది. దాని రెండు కొసల్లో గుర్తులు పెట్టుకుంటే మళ్లీ అక్కడే గీయొచ్చు.

ఐదు నిమిషాలు ఒళ్లు వేడెక్కించి, ఒకసారి ఉత్తినే దూకనివ్వండి. కాలివేళ్లు గీత వెనకే ఉండాలి, పాదాల మధ్య భుజాలంత ఎడం. మోకాళ్లు వంచి, చేతులు వెనక్కి తీసి, ఒక్క ఊపున ముందుకు విసురుతూ రెండు కాళ్లతో ఒకేసారి లేవాలి. మోకాళ్లు వంచుతూ దిగి, అక్కడే ఆగాలి. గీత తొక్కినా, దూకే ముందు చిన్నగా ఎగిరినా, ఒంటికాలితో లేచినా, వెనక్కి పడి చెయ్యి ఆనించినా ఆ దూకుడు లెక్కలోకి రాదు, మళ్లీ దూకించాలి.

ఎక్కువ పొరపాట్లు కొలతలోనే. పిల్లాడి కాలివేళ్ల దాకా టేపు లాగితే పాదం పొడవంతా కలిసిపోతుంది. గీత అంచు నుంచి, గీతకు దగ్గరగా ఉన్న మడమ వెనక అంచు దాకా కొలవాలి. ఒక మడమ 142 సెంటీమీటర్ల దగ్గర, ఇంకోటి 149 దగ్గర ఉంటే 142 అనే రాయాలి. పక్కకు దూకినా సరే, టేపు నేల మీద గీతకు లంబంగానే పట్టాలి. కొలిచేవాళ్లు పక్కన కూర్చుని మడమకు సరిగ్గా పైనుంచి చూడాలి. బట్ట టేపు సాగుతుంది, స్టీలుదే మేలు. నిమిషం గ్యాపుతో రెండుసార్లు దూకించి, ఎక్కువ వచ్చింది రాసుకోండి. పరుగు పందెం అయ్యాక మాత్రం పెట్టకండి, అలసిన కాళ్లు అసలు బలం చూపవు. ఎండాకాలంలో పొద్దున్నే ముగించండి.

తరగతి ముందు అంకెలు చదవొద్దు. పొడుగు పిల్లలకు కొంత కలిసొస్తుంది. బరువున్న పిల్లలు ఆ బరువంతా మోస్తూ దూకాలి కాబట్టి తక్కువ వచ్చినంత మాత్రాన కాళ్లు బలహీనమని కాదు. అందుకే ఎత్తు, బరువు, తేదీ పక్కనే రాసి, మూడు నెలలకు అదే నేల మీద మళ్లీ కొలిచి, ఎవరి అంకెను వాళ్ల పాత అంకెతోనే పోల్చండి. ఒక్కసారిగా ఎత్తు పెరిగే వయసులో మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పి అంటే దూకించడం ఆపి, డాక్టరుకు చూపించమని ఇంట్లో చెప్పండి.