టీఐ-84లో చుక్కలు కనబడకపోతే

టీఐ-84 ప్లస్ గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్‌లో ఎల్1, ఎల్2 లిస్టుల్లో అంకెలన్నీ ఎక్కించి, స్టాట్ ప్లాట్ (ఆ అంకెల్ని చుక్కలుగా గీసేది) ఆన్ చేసి, గ్రాఫ్ నొక్కినా తెర ఖాళీగానే ఉందా? టెన్షన్ పడకండి. మామూలుగా తెర మైనస్ 10 నుంచి 10 వరకే చూపిస్తుంది, మీ అంకెలేమో, ఉదాహరణకు పరీక్ష మార్కులైతే, 60, 70ల్లో ఉండొచ్చు. జూమ్ నొక్కి 9 కొట్టండి, డేటాకు తగ్గట్టు తెర సర్దుకుంటుంది. వై= లో పాత సమీకరణాలుంటే ముందే తీసేయండి, లేదంటే చుక్కల మధ్య సంబంధం లేని గీతలొస్తాయి. 'డిమ్ మిస్‌మ్యాచ్' అని వచ్చిందంటే ఒక లిస్టులో అంకెలు తక్కువ పడ్డట్టే.

అన్నట్టు, లిస్టు ఖాళీ చేయాలంటే ఎల్1 పేరు మీదికి వెళ్లి క్లియర్, ఎంటర్ నొక్కాలి. డెల్ నొక్కితే లిస్టే మాయం! అయినా కంగారేం లేదు, స్టాట్‌లో 5 నొక్కి ఎంటర్ కొడితే అంకెలతో సహా తిరిగొస్తుంది.