వీడియోలో సర్వసభ్య సమావేశం – 3వ పాఠం: హాజరు, కోరం, ఓటు

గత పాఠంలో నోటీసు ఎలా రాయాలో, లింకు ఎప్పుడు పంపాలో చూశాం. ఈసారి సమావేశం లోపలికి వెళ్దాం. ఉదాహరణ పాతదే: నల్లగొండలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, అంతస్తుకు నాలుగు చొప్పున 20 ఫ్లాట్లు. యజమానుల్లో 11 మంది అక్కడే ఉంటున్నారు. ఆరుగురు హైదరాబాదులో, ఇద్దరు డాలస్‌లో, ఒకరు దుబాయ్‌లో ఉన్నారు. వాళ్ల ఫ్లాట్లలో కిరాయిదారులు. ఆదివారం రాత్రి 8 గంటలకు సమావేశం. దుబాయ్‌లో అప్పుడు సాయంత్రం 6.30. డాలస్‌లో చలికాలమైతే ఉదయం 8.30, ఎండాకాలమైతే 9.30. అమెరికా వాళ్లు మార్చిలో ఒకసారి, నవంబరులో ఒకసారి గడియారం మారుస్తారు కాబట్టి నోటీసులో మన సమయంతో పాటు వాళ్ల సమయం కూడా రాయమని చెప్పాను.

ముందుగా ఒక అడ్డంకి తీసేయాలి. మీ సంఘం నియమావళి, అంటే అందరూ బైలాస్ అనే పుస్తకం, వీడియో సమావేశాన్ని ఒప్పుకుంటుందా? 2020 ఏప్రిల్‌లో కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వీడియోలో సర్వసభ్య సమావేశాలు జరుపుకోవడానికి అనుమతించింది కదా అని కొందరు ధైర్యం చెబుతారు. ఆ అనుమతి కంపెనీలకు. సొసైటీగా నమోదైన అపార్ట్‌మెంటు సంఘానికి దాని నియమావళే ఆధారం. అందులో వీడియో ఊసే లేకపోతే, ఒక్కసారి అందరూ సెల్లార్‌లో కుర్చీలు వేసుకుని కూర్చుని నియమావళిని సవరించుకోవాలి. ఆ సవరణను జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో దాఖలు చేయాలి. ఇది చేయకుండా జరిపిన సమావేశంలో ఎంత మంచి తీర్మానం చేసినా, నచ్చని ఒక్క యజమాని దాన్ని ప్రశ్నించగలడు. అలాంటి యజమాని ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒకరుంటారు, అది ఆయన హక్కు కూడా.

అయితే కంపెనీల ఉత్తర్వులోని ఒక పద్ధతి మనకు అరువు తెచ్చుకోదగ్గది. సమావేశ సమయానికి కనీసం 15 నిమిషాల ముందు లింకు తెరవాలి, సమయం దాటాక మరో 15 నిమిషాల వరకు తలుపు మూయకూడదు. మన దగ్గర ఆ అరగంట చాలా అవసరం. పెద్దవాళ్లకు మైకు గుర్తు ఎక్కడుందో చూపించడానికే సగం సమయం పోతుంది.

తెర మీది సంఖ్య కోరం కాదు

సరిగ్గా 8 గంటలకు తెర మీద 14 అని కనిపిస్తుంది. కార్యదర్శి సంతోషంగా "కోరం వచ్చేసింది" అంటాడు. ఆగండి. కోరం అంటే సమావేశం చెల్లడానికి హాజరు కావలసిన కనీస సంఖ్య. ఆ 14 ఫోన్ల లెక్క. మనకు కావలసింది ఫ్లాట్ల లెక్క.

కార్యదర్శే లాప్‌టాప్‌లో ఒకసారి, ఫోనులో ఒకసారి చేరి ఉన్నాడు. 302లో భర్త హాల్లో, భార్య పడకగదిలో, రెండు ఫోన్లు. 104లో కిరాయిదారు ఆసక్తి కొద్దీ చేరాడు. వినవచ్చు, ఓటు లేదు. ఈ మూడూ తీసేస్తే 11. ఇక 401 వారి లాప్‌టాప్ ముందు 402 యజమాని కూడా కూర్చున్నారు, అంటే ఒకటి కలపాలి. మొత్తం 12 ఫ్లాట్లు. నియమావళి మూడో వంతు కోరం అంటే 20లో మూడో వంతు 6.67, కాబట్టి 7 ఫ్లాట్లు కావాలి. ఆరు చాలదు, పైకే లెక్కించాలి. ఈసారి గట్టెక్కాం.

ఈ లెక్క తేలికగా తేలాలంటే ఒకే సూత్రం: ప్రతి ఒక్కరూ తెర మీద తమ పేరును ఫ్లాటు నంబరుతో మొదలుపెట్టాలి. "302 – యజమాని", "104 – కిరాయిదారు" అన్నట్టు. "రెడ్‌మీ నోట్" అనే పేరుతో వచ్చినవాళ్లను వెయిటింగ్ రూములోనే ఆపి, ఫోను చేసి ఎవరో కనుక్కుని, పేరు మార్చించాకే లోపలికి రానివ్వండి. మర్యాద తక్కువేమీ కాదు.

కోశాధికారి దగ్గర ముందే ఒక పట్టిక ఉండాలి: ఫ్లాటు, యజమాని, ఉమ్మడి యజమానులైతే ఓటు వేసేది ఎవరు, మెయింటెనెన్స్ బకాయి ఉందా. బకాయి ఉన్నవాళ్లకు ఓటు లేదని మీ నియమావళిలో ఉంటే, ఆ మాట సమావేశంలో అందరి ముందు బయటపెట్టకండి. రెండు రోజుల ముందే వాళ్లకు విడిగా చెప్పండి. చాలామంది ఆ రాత్రే డబ్బు పంపేస్తారు.

బయట ఉన్నవాళ్ల బదులు బావమరిదో, పెదనాన్న కొడుకో వచ్చి కూర్చునే అలవాటు మనకుంది. వీడియో సమావేశంలో దీన్ని తగ్గించాలని నా అభిప్రాయం. డాలస్ నుంచి యజమాని స్వయంగా మాట్లాడగలిగినప్పుడు ప్రతినిధి ఎందుకు? కంపెనీల ఉత్తర్వులో కూడా వీడియో సమావేశాలకు ప్రతినిధుల్ని ఒప్పుకోలేదు. మీ నియమావళి ఒప్పుకుంటే మాత్రం, రాతపూర్వక పత్రం ముందురోజుకే కార్యదర్శికి చేరాలి.

కోరం జారిపోతుంది

సెల్లార్‌లో జరిగే సమావేశంలో మనిషి లేచి వెళ్తే కనిపిస్తుంది. వీడియోలో కరెంటు పోతే వైఫై పోతుంది, ఒకేసారి నాలుగు ఫ్లాట్లు మాయమవుతాయి, ఎవరూ గమనించరు. అందుకని ప్రతి ఓటుకు ముందు కార్యదర్శి మళ్లీ లెక్కపెట్టి, సంఖ్యను పైకి చదవాలి: "ఇప్పుడు 9 ఫ్లాట్లు ఉన్నాయి." మినిట్స్‌లో, అంటే సమావేశంలో జరిగినది రాసే నమోదులో కూడా అదే సంఖ్య రాయాలి. ఏడుకన్నా తగ్గితే చర్చ సాగనివ్వవచ్చు గాని, ఓటు మాత్రం ఆపేయాలి.

ఇంకో ప్రమాదం సమయం. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకు, గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో ముగ్గురు, అంతకు మించి ఉన్నప్పుడు 60 నిమిషాలకు తెగిపోతుంది. ఓటు మధ్యలో తెగితే ఆ ఓటు మొదటి నుంచి. కాబట్టి డబ్బు అంశం ఎజెండాలో ముందు పెట్టండి, బతుకమ్మ ఏర్పాట్లు చివర. సాధారణంగా మనం దీనికి తలకిందులుగా చేస్తాం.

ఓటు

ముందు తీర్మానం సరిగ్గా ఉండాలి. "బోరు సంగతి చూడాలి" అన్నది తీర్మానం కాదు. నల్లగొండలో నీళ్ల మాట ఎత్తితే ఫ్లోరైడ్, కృష్ణా నీళ్లు, ట్యాంకర్ ధర అన్నీ వరుసగా వస్తాయి. గంట గడిచాక ఎవరు దేనికి ఒప్పుకున్నారో ఎవరికీ తెలియదు. ఇలా రాసి స్క్రీన్ షేర్ చేయండి: "పాడైన బోరు మోటారు మార్చడానికి, రూ. 70,000 మించకుండా, కార్పస్ ఫండ్ నుంచి ఖర్చు చేయడానికి కార్యవర్గానికి అనుమతి." ఏమిటి, ఎంత, ఎక్కడి నుంచి, ఎవరు. నాలుగూ ఉన్నాయి. (కార్పస్ ఫండ్ అంటే పెద్ద ఖర్చుల కోసం సంఘం దాచి ఉంచిన నిధి.)

ఓటు ఎలా? చేతి గుర్తు నొక్కమంటే కొందరికి దొరకదు, కొందరు నొక్కి తీయడం మరచిపోతారు. వాట్సాప్ పోల్ తేలికే గాని, గ్రూపులో ఉన్న ప్రతి నంబరూ ఓటు వేస్తుంది, తర్వాత ఓటు మార్చుకోవచ్చు కూడా. వినాయక చవితి భోజనాల్లో ఏ కూర అన్నదానికి అది చాలు. డబ్బు అంశానికి మాత్రం ఫ్లాటు నంబరు పిలిచి అడగడమే మేలు. అధ్యక్షుడు పిలుస్తారు, కార్యదర్శి రాసుకుంటారు:

"101?"
"అనుకూలం."
"102... అమ్మా, మీ మైకు మూసి ఉంది. ఎడమ పక్క ఎర్ర గుర్తు నొక్కండి."
"వినిపిస్తోందా బాబూ? నేను ఒప్పుకోను. మోటారు పోయిన ఏడాదే మార్చారు కదా!"
"చర్చ అయిపోయిందమ్మా. వ్యతిరేకం అని రాసుకుంటున్నాం. సరేనా?"
"రాసుకోండి."
"103? 103 గారూ? ... రెండుసార్లు పిలిచాం, చివర్లో మళ్లీ పిలుస్తాం. 201?"

గమనించండి: 102 గారి అభ్యంతరాన్ని అధ్యక్షుడు తోసిపుచ్చలేదు, మళ్లీ చర్చలోకీ దిగలేదు. జవాబు రాని 103ని అనుకూలం కింద వేయలేదు. మౌనం ఓటు కాదు. చివర్లో పిలిచినా పలకకపోతే "ఓటు వేయలేదు" అనే రాయాలి. 20 ఫ్లాట్లకు ఇదంతా ఐదారు నిమిషాలు.

ఫలితం వెంటనే చదవండి: అనుకూలం ఎన్ని, వ్యతిరేకం ఎన్ని, ఓటు వేయనివి ఎన్ని. మూడూ కలిపితే ఆ సమయానికి హాజరైన ఓటు హక్కున్న ఫ్లాట్ల సంఖ్య రావాలి. రాకపోతే అక్కడే ఆపి సరిచూడండి.

ఈ వారం అభ్యాసం: మీ అపార్ట్‌మెంటు పట్టిక తయారు చేయండి, నియమావళిలో కోరం, ప్రతినిధి, బకాయిదారుల ఓటు గురించిన వాక్యాలు వెతికి దాని కిందే యథాతథంగా ఎక్కించండి. ఆ తర్వాత ముగ్గురు నలుగురితో ఉత్తుత్తి సమావేశం పెట్టి, పిలిచి ఓటు అడగడం సాధన చేయండి. మధ్యలో ఒకరిని చెప్పకుండా ఫోను కట్టేయమనండి, కార్యదర్శి గమనిస్తాడో లేదో చూడండి. వచ్చే పాఠం మినిట్స్ రాయడం, రికార్డింగు ఎవరి దగ్గర ఉండాలన్న పేచీ.