కాలువలు కట్టేసిన నెలల్లో ఇంటి అడుగు చూసుకోవడం ఎలా?

గోదారి డెల్టాలో ఇళ్ళ కింద నేలమాళిగలు ఉండవు. కొద్దిగా తవ్వితేనే నీళ్ళు ఊరే చోట ఎవరు మాత్రం కడతారు? అయినా మనిషి అడుగు పెట్టని చోట్లు ప్రతి ఇంటికీ ఉంటాయి. మెట్ల కింద గూడు, ప్రహరీకీ గోడకీ మధ్య రెండడుగుల సందు, బాత్రూమ్ వెనక గొట్టాల మూల, గచ్చు కింద నింపిన బొండు ఇసుక, పెంకుటిళ్ళలో అయితే అటక. పురుగూ పుట్రా కాపురం అక్కడే. వంటింట్లో కనిపించే బొద్దింక, హాల్లో పరుగెత్తే ఎలుక అక్కడినుంచి తిండికి వచ్చినవే. వంటింట్లో మందు కొట్టి సందు వదిలేస్తే వారం తిరిగేసరికి మళ్ళీ మొదలు.

ఈ పనికి మంచి అదను ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ మొదటి వానల లోపు. దాళ్వా (రెండో పంట) కోతలు అయ్యాక కాలువలు కట్టేస్తారు. నేలలో చెమ్మ దిగుతుంది, సందులు ఆరతాయి, ఎక్కడ కన్నం ఉందో కంటికి కనిపిస్తుంది. జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలి, పొలాలు దమ్ము చేసేసరికి బొరియల్లో ఉన్న ఎలుకలు మెరక వెతుక్కుంటాయి. ఊళ్ళో మెరక అంటే మీ ఇల్లే. జులై, ఆగస్టుల్లో గోదారి పొంగితే లంకల్లోనూ ఏటిగట్టు పక్క ఊళ్ళలోనూ పాములు, తేళ్ళు, జెర్రులు కూడా అదే దారి పడతాయి. చాలామంది అప్పుడు మందు కోసం కొట్టుకి పరుగెడతారు. అప్పటికి నేల నాని ఉంటుంది. చెద మందు తడి నేలకి సరిగా పట్టదు, వాన నీళ్ళకి కొట్టుకుపోతుంది కూడా.

మొదట ఖాళీ చేయండి

మెట్ల కింద సామాను మొత్తం బయట పడేయండి. సగం తీసి సగం వెనక్కి నెట్టడం వద్దు. మన వైపు మెట్ల కింద సాధారణంగా ఉండేవి కొబ్బరి డొక్కలు, ఎండిన మట్టలు, ఖాళీ గోనె సంచులు, పాత పేపర్లు, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సెంట్రింగ్ చెక్కలు. ఎలుకకి గూడు, తేలుకి నీడ, చెదకి తిండి ఒకే చోట దొరికినట్టే. నీళ్ళు కాచుకోవడానికి డొక్కలు కావాలి కదా అంటారు, నిజమే. ఇంటి గోడకి దూరంగా, నాలుగు ఇటుకలు పేర్చి, దాని మీద వేసుకోండి. కొబ్బరి చిప్పలు బోర్లించి పెట్టండి. వెల్లకిలా ఉన్న చిప్పలో నిలిచే గుక్కెడు నీళ్ళు చాలు, డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజుల్లో తయారవుతుంది.

చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి. చేతులకి మందపాటి తొడుగులు, కాళ్ళకి బూట్లు ఉండాలి. ఎలుక పెంటికలు కనిపిస్తే చీపురుతో పొడిగా ఊడవకండి, ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, బ్లీచింగ్ కలిపిన నీళ్ళు చల్లి, కాసేపు ఆగి, తడిగా తుడిచేయాలి. ఎలుక మూత్రం కలిసిన నీటివల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. కాలి మీద పుండో పగులో ఉంటే ఆ క్రిమి అందులోంచే లోపలికి పోతుంది. ఈ పని చేసిన రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం కనిపిస్తే డాక్టరుకి ఎలుకల సంగతి కూడా చెప్పండి. మామూలు జ్వరమని ఆగొద్దు.

చెమ్మ ఎక్కడినుంచి వస్తోంది?

ఖాళీ చేసిన చోట ఒకరోజు ఆగి నేల చూడండి. ఆరని మచ్చ ఉంటే దానికో కారణం ఉంటుంది. బాత్రూమ్ గొట్టం కారడం, ఏసీ నీళ్ళు సందులో పడటం, మోటారు దగ్గర జాయింటు వదులవడం మామూలు కారణాలు. మనకి ఇంకొకటి ఉంది. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది, పాత ఇల్లు పల్లమైపోతుంది, వీధి నీళ్ళు సందులోకి వస్తాయి. రోడ్డుని ఏమీ చేయలేం. సందు నేలని మాత్రం గోడ వైపు ఎత్తుగా, బయటికి వాలుగా గచ్చు చేయించుకోవచ్చు. గోడకి ఆనించి పోసిన మట్టి, పూలకుండీలు, తులసికోట పక్క నిలిచే నీళ్ళు కూడా చూసుకోండి. చెద, బొద్దింక, జెర్రి, రోకలిబండ (ముట్టుకుంటే చుట్టుకుపోయే పురుగు) అన్నిటికీ తడి కావాలి. తడి ఆపితే వీటిలో సగం మందు లేకుండానే పోతాయి. రోకలిబండలకి మందు కొట్టడం నా దృష్టిలో డబ్బు దండగ. అవి కుళ్ళిన ఆకులు తిని బతుకుతాయి. ఆకులు ఊడ్చేస్తే చాలు.

కన్నాలు మూయడం

ఎలుక అరంగుళం సందు ఉంటే దూరిపోతుంది. చిట్టెలుకకి పావంగుళం చాలు. గొట్టాలు గోడలోంచి వచ్చే చోట, తలుపు కింద, కిటికీ వైర్ల దగ్గర చూడండి. ఉత్త సిమెంటు పెడితే పచ్చి మీదే కొరికేస్తాయి. గిన్నెలు తోమే స్టీలు పీచుని ముందు కన్నంలో గట్టిగా కుక్కి, దాని మీద సిమెంటు పూయాలి. గాలి రావాల్సిన చోట పావంగుళం కన్ను ఉన్న జీఐ మెష్ (జింకు పూత వేసిన ఇనుప వల) బిగించండి. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి దోమల జాలీ కట్టండి. పెద్ద బొద్దింకలూ దోమలూ వచ్చే ముఖ్యమైన దారి అదే. వాడని బాత్రూమ్ తూములో అప్పుడప్పుడు ఓ చెంబుడు నీళ్ళు పోయండి. ట్రాప్ (తూము కింద నీళ్ళు నిలిచే వంపు) ఎండిపోతే అదీ తెరిచిన గుమ్మమే.

కొబ్బరిచెట్టు మట్ట డాబా మీదకి వాలి ఉంటే కొట్టించేయండి. ఎలుకలు చెట్టు మీద పిందెలు తొలిచేసి, మట్ట మీదుగా అటక చేరతాయి. చెట్టుకి మనిషి ఎత్తు పైన అడుగున్నర వెడల్పు రేకు చుట్టిస్తే ఎక్కలేవు. కానీ పక్క చెట్టు మట్టలు దీనికి తగులుతుంటే ఆ రేకు ఉత్త అలంకారం.

పందికొక్కు

కొట్టాం పక్క, ధాన్యం బస్తాలు వేసే గది పక్క గోడ మొదట్లో జానెడు మట్టి కుప్ప, దాని పక్క చెయ్యి పట్టే కన్నం కనిపిస్తే అది పందికొక్కు పని. ఎలుక మీ సామాను పాడు చేస్తే ఇది ఇంటినే పాడు చేస్తుంది. గచ్చు కింద ఇసుక తోడి బయట పోస్తుంది. టైల్స్ మీద నాణెంతో తట్టి చూడండి. ఒకచోట డొల్ల శబ్దం వస్తే కింద ఖాళీ అయిందేమో అనుమానించాలి.

సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసేయండి. పొద్దున్నే ఏది తెరిచి ఉంటే అందులో జంతువు ఉన్నట్టు. పొలాల్లో ఎలుకలకి చేసేది ఇదే పద్ధతి కాబట్టి రైతు ఇళ్ళలో కొత్తగా చెప్పక్కర్లేదు. తెరిచిన కన్నం దగ్గర బోను పెట్టండి. ఎర ఎండురొయ్య గానీ నిప్పుల మీద కాల్చిన కొబ్బరి ముక్క గానీ. మొదటి రెండు రాత్రులు బోను తలుపు పడకుండా కట్టేసి, ఎర మాత్రం పెట్టి, అలవాటు కానివ్వండి. కొత్త వస్తువంటే వీటికి మహా అనుమానం. బోను ఎప్పుడూ గోడ వారనే పెట్టాలి, నడిమధ్య పెడితే చూడను కూడా చూడవు.

బోనుకి లొంగకపోతే బ్రోమడయోలోన్ అనే ఎలుకల మందు. రైతులకి వ్యవసాయ శాఖ చెప్పే కొలత తెలిసిందే: నూకలు 960 గ్రాములు, నూనె 20, 0.25 శాతం మందు 20. ఇంటి దగ్గర నూకలు కలపడం కన్నా తయారుగా దొరికే బిళ్ళలు మేలు. నూకలు చూస్తే కోడి ఆగదు. బిళ్ళని మూరెడు పీవీసీ గొట్టం మధ్యలో తీగతో కట్టి, గొట్టాన్ని గోడ వార పడుకోబెట్టండి. ఈ మందు రక్తం గడ్డకట్టనివ్వదు, నెమ్మదిగా కొన్ని రోజులకి చంపుతుంది. పిల్లలో కుక్కో పొరపాటున తింటే విటమిన్ కె1 విరుగుడు ఉంది. డబ్బా తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. చచ్చిన ఎలుకని తొడుగు వేసుకుని తీసి లోతుగా పాతిపెట్టండి, పిల్లులూ గుడ్లగూబలూ తినకుండా.

రెండు వస్తువులు మాత్రం ఇంటి గుమ్మం దాటనివ్వకండి. ఒకటి ట్యూబులో వచ్చే పసుపు భాస్వరం పేస్టు. అది కాలేయాన్ని తినేస్తుంది, విరుగుడు లేదు. రెండోది ధాన్యం నిల్వలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. పొలంగట్టు మీద కన్నంలో వేసేవాళ్ళని చూసి, ఇంటి పక్క కన్నంలో వేయాలనిపిస్తుంది. ఆ కన్నం మీ మంచం కింది దాకా ఉందో లేదో మీకు తెలియదు. తడి తగిలితే వచ్చే ఫాస్ఫీన్ గాలి గచ్చు పగుళ్ళలోంచి పడక గదిలోకి ఎక్కుతుంది.

జంతువు పోయిందని రూఢి అయ్యాక కన్నంలో ఇటుక ముక్కలూ మెష్షూ కుక్కి కాంక్రీటు వేయాలి. గోడ వారగా అడుగు లోతు తవ్వి, మెష్‌ని కిందికి దించి, అడుగున బయటివైపు మడిచి పూడ్చేస్తే మళ్ళీ తవ్వడం కష్టం. గచ్చు కింద డొల్ల పెద్దదైతే టైల్ తీయించి ఇసుక నింపి తడిపి కూరించక తప్పదు.

చెద

తొలకరి సాయంత్రం ట్యూబ్‌లైటు చుట్టూ ఉసుళ్ళు (రెక్కలొచ్చిన చెదలు) మూగడం మామూలే, బయటినుంచి వస్తాయి. మీ గోడ పగులులోంచో గుమ్మం మొదట్లోంచో బయటికి వస్తున్నాయా అని చూడండి. అలా వస్తే పుట్ట మీ ఇంటి కిందే. మెట్ల కింద గోడ మీద పెన్సిలంత లావు మట్టి గీతలు వెతకండి. ఒకచోట అంగుళం మేర గీకేసి, మూడు రోజులు ఆగి చూడండి. మళ్ళీ కట్టుకుంటే లోపల నడుస్తున్నట్టే. చెక్క నుంచి మట్టి లేకుండా పిండిలాంటి పొడి రాలుతుంటే అది చెద కాదు, పుచ్చుపురుగు. దానికి నేలలో మందు పోసినా ప్రయోజనం లేదు, ఆ చెక్కకే వైద్యం చేయాలి.

కిరోసిన్, పాత ఇంజన్ ఆయిలు కనిపించిన చెదనే చంపుతాయి. గూడు నేలలో ఉంది కాబట్టి నేలకే మందు పట్టించాలి. కట్టిన ఇళ్ళకి చెద నివారణ మీద భారత ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం చెప్పే పద్ధతి ఇది: గోడా గచ్చూ కలిసే చోట 12 మిల్లీమీటర్ల రంధ్రాలు, ఒక్కొక్కటి 300 మిల్లీమీటర్ల దూరంలో వేసి, పంపుతో మందు ఎక్కించి, పైన మూసేయడం. ఒక్కో రంధ్రానికి లీటరుకి మించదు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందైతే లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు.

డెల్టాలో దీనికో చిక్కుంది. నేలలో నీరు పైపైనే ఉంటుంది. బావి, చేతిపంపు, బోరు గోడకి ఆనుకుని ఉంటే ఆ వైపు మందు వద్దు, అక్కడ చెక్క తీసేసి ఇనుము, అల్యూమినియం పెట్టుకోవడం మంచిది. చేపల చెరువో రొయ్యల చెరువో దగ్గరుంటే ఇంకా జాగ్రత్త. చెదకి వాడే బైఫెంత్రిన్, క్లోర్‌పైరిఫాస్ చేపలకీ రొయ్యలకీ విషం. పంపు కడిగిన నీళ్ళు కాలువలోనో బోదె (పిల్ల కాలువ)లోనో పోయనివ్వకండి.

బొద్దింకలు, తేళ్ళు, పాములు

బొద్దింకలకి స్ప్రే కన్నా మందు కలిపిన ఎర జెల్ మంచిది. కందిగింజంత చుక్కలు గొట్టాల మూలల్లో, సింకు కింద పెట్టండి. అక్కడ స్ప్రే కొట్టకండి, ఆ వాసనకి జెల్ దగ్గరికి రావు. తేళ్ళూ జెర్రులూ డొక్కలు తీసేస్తే చాలామటుకు తగ్గుతాయి.

వరద లేనప్పుడు పాము వచ్చిందంటే చాలామటుకు అది ఎలుక కోసమే వచ్చి ఉంటుంది. జెర్రిపోతుకీ నీరుకట్టుకీ విషం లేదు, పైగా జెర్రిపోతు ఎలుకల్ని తింటుంది. భయపడాల్సింది నాగుపాము, కట్లపాము, రక్తపింజరి గురించి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, నొప్పి కూడా తెలియకపోవచ్చు. వరద రోజుల్లో మంచం మీద, దోమతెర పరుపు కిందికి దోపుకుని పడుకోండి. పామును మీరు పట్టొద్దు, దూరం నుంచి కనిపెట్టుకుని ఉండి, పట్టేవాళ్ళని పిలవండి. కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి.

మనిషిని పెట్టి చేయిస్తే

వచ్చిన కుర్రాడు తలుపు దగ్గరే నిలబడి నాలుగు గదుల్లో పిచికారీ చేసి వెళ్ళిపోతానంటే ఒప్పుకోకండి. మెట్ల కిందా సందులోనూ చూశాకే ధర మాట్లాడమనండి. మందు డబ్బా మీ ముందే విప్పించండి, పేరూ శాతమూ బిల్లు మీద రాయించండి. గ్యారంటీ ఇస్తామంటే అది దేనికో అడగండి: మళ్ళీ చెద కనిపిస్తే ఉచితంగా వస్తారా, వస్తే ఇల్లంతా చేస్తారా, కనిపించిన చోట మాత్రమేనా? రంధ్రాలు వేసేముందు కరెంటు వైర్లూ నీళ్ళ గొట్టాలూ ఎటు పోతున్నాయో మీరే చూపించాలి, అతనికి తెలియదు. జూన్‌లో నీళ్ళు వదిలిన పదిహేను రోజులకి గోడ మొదలంతా ఇంకోసారి టార్చి వేసి చూడండి. తాజా మట్టి ఎక్కడైనా కనిపిస్తే బోను మళ్ళీ దించాల్సిందే.