బాడుగ ఇంట్లో ఉంటూ సర్కారు ఇంటికి దరఖాస్తు ఎలా చేసుకోవాలి?

మా కర్నూలులో బాడుగ ఇల్లు మారడమంటే సామాన్లు మోసుకోవడంతో అయిపోదు. ఆధార్‌లో పాత వీధి అలాగే ఉంటుంది, బియ్యం కార్డు ఇంకో వార్డులో ఉంటుంది, కరెంటు బిల్లు ఓనరు పేరున వస్తుంది. ఈ మూడూ కలవక, అన్ని అర్హతలూ ఉన్న కుటుంబాలు జాబితాలోంచి జారిపోవడం మా పేటలో చాలాసార్లు చూశాను. ఫారం నింపిపెట్టమని నా దగ్గరికి వచ్చేవాళ్లను నేను మొదట అడిగేది ఒక్కటే: మీ పేరు మీద రికార్డుల్లో ఏముందో చూసుకున్నారా? ఇక్కడ కూడా ఎక్కువగా దాని గురించే చెబుతాను.

ఇంకో సంగతి ముందే తెలిసి ఉంటే మంచిది. నెలనెలా బాడుగ కట్టుకోమని పేద కుటుంబం చేతికి డబ్బిచ్చే పథకం మన దగ్గర లేదు. 2024 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడతలో వలస కూలీలు, పనిచేసే మహిళల వంటివారికి తక్కువ బాడుగకు ఇళ్లు కట్టించే భాగం ఉంది. కానీ ఆ సాయం ఇళ్లు కట్టే సంస్థలకు వెళ్తుంది, మన ఖాతాకు రాదు. కాబట్టి బాడుగ భారం తగ్గాలంటే సొంత ఇంటి దారే చూసుకోవాలి.

మీది ఏ దారి?

స్థలం ఉందా, లేదా? ఉండేది ఊళ్లోనా, టౌనులోనా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తేలితే దారి తెలిసిపోతుంది.

స్థలం లేనివాళ్లు ముందు ఇంటి స్థలానికి పెట్టుకోవాలి. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పల్లెల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు ఉచితం. పట్టా ఇంటి ఆడమనిషి పేరునే ఇస్తారు. రెండేళ్లలోపు ఇల్లు కట్టుకోవాలి, పదేళ్లు దాటాకే పూర్తి హక్కులు వస్తాయి. జీవితంలో ఒక్కసారే ఇస్తారు. 2020 డిసెంబరులో పంచిన పట్టాల్లో (అప్పుడు పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు) మీ ఇంట్లో ఎవరి పేరైనా ఉంటే, మళ్లీ కొత్తగా పెట్టుకునే ముందు దాని సంగతి మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో తేల్చుకోండి.

స్థలం ఉండి పక్కా ఇల్లు లేనివాళ్లకు కట్టుకోవడానికి సాయం వస్తుంది. పట్టణ పథకంలో ఇది 2.50 లక్షలు: కేంద్రం 1.50 లక్షలు, రాష్ట్రం లక్ష. కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షలు మించకూడదు. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు, గత 20 ఏళ్లలో సర్కారు ఇంటి పథకం ఏదీ వాడుకుని ఉండకూడదు. ఆవాస్ యోజన గ్రామీణ పథకంలో మైదాన ప్రాంతానికి 1.20 లక్షలు, మరుగుదొడ్డికి 12 వేలు, దానితోపాటు ఉపాధి హామీ కింద 90 రోజుల కూలీ. వంటగదితో కలిపి ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు, అంటే దాదాపు 269 చదరపు అడుగులు ఉండాలి.

ఇక మూడోది టిడ్కో అపార్ట్‌మెంట్లు, అంటే పట్టణ పేదలకు ఆ పేరున్న ప్రభుత్వ సంస్థ కట్టించినవి. కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీద కనిపించేవి అవే. 300, 365, 430 చదరపు అడుగులని మూడు సైజులు. పెద్ద సైజుల్లో బ్యాంకు లోను కలిసి ఉంటుంది. ఇల్లు చేతికి రాకముందే కంతులు కట్టమని నోటీసులు అందుకున్న లబ్ధిదారులు రాష్ట్రంలో చాలామంది ఉన్నారు. లోను కాగితాల మీద సంతకం చేసే ముందు కంతు ఏ నెల నుంచి మొదలవుతుందో, తాళాలు ఎప్పుడిస్తారో అడిగి రాయించుకోండి. మొహమాటపడకండి. ఆ అప్పు మీ పేరు మీదే ఉంటుంది.

ఫారం కంటే ముందు చూసుకోవాల్సింది

సచివాలయానికి వెళ్లి ముందు మీ కుటుంబం మ్యాపింగ్ (ఏ సచివాలయం లెక్కలో మీ ఇల్లు నమోదైందన్నది) ఎక్కడుందో, అందులో ఎవరెవరున్నారో అడగండి. పెళ్లయి వేరుపడిన కొడుకు కోడలు ఇంకా అత్తమామల కార్డులోనే ఉంటారు. మామ పేరున ఇల్లుంటే కోడలికి కూడా ఇల్లున్నట్టే లెక్క. ముందు కార్డు విడగొట్టుకుని, ఆ తర్వాతే ఇంటికి పెట్టుకోవాలి. ఇల్లు మారినవాళ్లు ఇప్పుడుంటున్న సచివాలయం పరిధికి మ్యాపింగ్ మార్పించుకోవాలి. లేకపోతే విచారణకు వచ్చిన ఉద్యోగి పాత ఇంటికి వెళ్లి తాళం చూసి, 'ఇక్కడ లేరు' అని రాసుకుని పోతాడు.

తర్వాత కరెంటు మీటరు. బాడుగ ఇళ్లవాళ్లకు ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే. నెలకు 300 యూనిట్లు దాటితే బియ్యం కార్డుకే ఎసరు, కార్డు పోతే ఇంటి దరఖాస్తు కూడా పోతుంది. మా వీధిలో ఆటో నడిపే ఒకాయన భార్య రెండుసార్లు పెట్టుకుంటే రెండుసార్లూ తిరస్కరించారు. కారణం చూస్తే, ఆమె ఉన్న మిద్దెలో మూడు పోర్షన్ల మీటర్లూ ఆమె ఆధార్‌కే తగిలించి ఉన్నాయి. ఆమె ఇంట్లో ఉన్నవి రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక పాత టీవీ. ఆధార్ తీసుకుని, ఓనరును వెంటబెట్టుకుని కరెంటు ఆఫీసులో అర్జీ ఇచ్చి, ఆ మీటర్లు తీయించుకున్నాకే ఆమె కార్డు నిలబడింది. మీ ఆధార్‌కు ఎన్ని మీటర్లు ఉన్నాయో సచివాలయంలో చెబుతారు. తప్పకుండా అడగండి.

పాత ఇళ్ల రికార్డు ఇంకో చిక్కు. 2006లో మొదలైన ఇందిరమ్మ పథకంలోనో, అంతకు ముందో మీ పేరుకు ఇల్లు మంజూరై, అసలు కట్టనే లేకపోవచ్చు. ఒక్క బిల్లు కూడా మీకు అందకపోయినా పేరు మాత్రం లెక్కలో మిగిలి ఉంటుంది. ఇలాంటప్పుడు నోటిమాటగా 'మేం కట్టుకోలేదు సార్' అంటే చాలదు. స్థలం దగ్గరికి వచ్చి చూసి నివేదిక ఇవ్వమని గృహనిర్మాణ శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)కి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వాలి.

భూమి, నాలుగు చక్రాల వాహనం కూడా చూసుకోండి. ఆటో, టాక్సీ, ట్రాక్టరు బియ్యం కార్డుకు అడ్డం కావు. ఎప్పుడో అమ్మేసిన కారు ఇంకా మీ పేరుననే ఉంటే మాత్రం అడ్డమే.

చివరగా బ్యాంకు ఖాతా. డబ్బు ఆధార్‌కు లింకైన ఖాతాలోనే పడుతుంది. నాలుగు పాస్‌బుక్కులు ఉంటే ఏది లింకై ఉందో బ్యాంకులో అడిగి తెలుసుకోండి. ఆధార్‌లో 'లక్ష్మీదేవి', పాస్‌బుక్కులో 'లక్ష్మమ్మ' అని ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. బిల్లు ఆగాక తిరగడం చాలా కష్టం.

దరఖాస్తు, విచారణ

ఆధార్, బియ్యం కార్డు, ఆదాయ, కుల ధ్రువపత్రాలు, పాస్‌బుక్కు నకలు, స్థలం ఉంటే దాని కాగితం, ఫోను నంబరు పట్టుకుని సచివాలయంలో ఇవ్వండి. ఇచ్చిన రోజే దరఖాస్తు నంబరున్న రసీదు తీసుకోండి. 'రాసుకున్నాం, పో' అంటే కదలకండి, ఆ నంబరు లేకుంటే రేపు అడగడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. అన్ని కాగితాలకూ ఫోనులో ఫొటోలు తీసి ఇంకొకరి ఫోనుకు కూడా పంపి ఉంచండి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలులోకి వచ్చినప్పుడు పాతబస్తీలో ఇళ్లతోపాటు పట్టాలు, కార్డులు నీళ్లపాలయ్యాయి. నకలు దాచుకున్నవాళ్లు, దాచుకోనివాళ్లు తర్వాత పడిన తిప్పలకు పోలికే లేదు.

కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. సుగ్గికి గుంటూరు మిరపకోతలకు పోయినప్పుడే విచారణో, వేలిముద్రో వచ్చి పడుతుంది. ఊళ్లో తాళం ఉంటే పేరు పోతుంది. బయల్దేరే ముందు సచివాలయంలో మీ ఫోను నంబరు, తిరిగొచ్చే నెల చెప్పి పోండి. ఇంట్లో ఉండే ముసలివాళ్ల దగ్గర రసీదు నకలు ఉంచండి. వలస పోవడం అనర్హత కాదని వాళ్లకు కూడా చెప్పి పోండి. అది తెలియకే చాలామంది అడగకుండా ఊరుకుంటారు.

జాబితా సచివాలయం గోడకు అంటించినప్పుడు వెళ్లి చూసుకోండి. పేరు లేకపోతే కారణం ఏమిటో అడిగి, రాసి ఇమ్మనండి. అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, లేదా 1100కు ఫోను చేయండి. అర్జీలో కష్టాలన్నీ రాయకండి. దరఖాస్తు నంబరు, తిరస్కరించిన కారణం, అది ఎందుకు తప్పో చూపే కాగితం, ఈ మూడూ ఉంటే చాలు.

'ఇంత ఇస్తే పేరు ఎక్కిస్తా' అనేవాళ్లకు రూపాయి ఇవ్వకండి. వేరేవాళ్ల పట్టా కొనుక్కోకండి కూడా. గడువు తీరని పట్టా అమ్మకం చెల్లదు, డబ్బూ పోతుంది, స్థలమూ పోతుంది.

మంజూరయ్యాక

స్థలంలో సర్వేయరు హద్దురాళ్లు నాటేటప్పుడు మీరు అక్కడే ఉండండి. ఆదోని, ఆలూరు వైపు నల్లరేగడిలో పునాది విషయంలో పిసినారితనం వద్దు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది, దాంతోపాటే గోడ కూడా చీలుతుంది. గట్టినేల తగిలేదాకా తవ్వి, ఇసుకో మొరమో పోసి దిమ్మిస కొట్టించి, పైన కాంక్రీటు బెల్టు వేయించండి. నేలకు బేతంచెర్ల బండలు పరిస్తే టైల్సు ఖర్చు తప్పుతుంది. మన ఎండలకు కాలికి చల్లగా కూడా ఉంటాయి.

డబ్బు ఒకేసారి రాదు. బేస్‌మెంటు, రూఫ్ లెవెలు, స్లాబు, పూర్తి అని దశల వారీగా వస్తుంది. ప్రతి దశలో సచివాలయం ఇంజనీరింగ్ ఉద్యోగి వచ్చి ఆ స్థలంలోనే ఫొటో తీసి అప్‌లోడ్ చేయాలి. పని అయిన రోజే ఆయనకు చెప్పండి. వచ్చే సాయంతోనే ఇల్లు పూర్తవుతుందని మాత్రం అనుకోకండి. 2.50 లక్షలు ఎక్కడిదాకా వస్తాయో మేస్త్రీతో కూర్చుని లెక్క వేసుకోండి. మిగతాదానికి డ్వాక్రా సంఘంలో అడగండి, నూటికి మూడు రూపాయల వడ్డీ జోలికి పోకండి. ఒక గది, వంటిల్లు, మరుగుదొడ్డి ముందు పూర్తి చేసుకుని, మెట్లు, ప్రహరీ తర్వాత చూసుకోవచ్చు.

అప్పటిదాకా బాడుగ ఇంట్లోనే కదా ఉండేది. కాగితం రాసుకోండి. సామాన్యంగా 11 నెలలకు రాసుకుంటారు. అడ్వాన్సు ఎంత ఇచ్చారో అందులో ఉండాలి. బాడుగ ఫోనులో పంపితే నెలనెలా లెక్క ఉంటుంది, చేతికిస్తే సంతకం తీసుకోండి. ఆధార్‌లో చిరునామా మార్చుకోవడానికి కూడా ఈ కాగితం పనికొస్తుందేమో ఆధార్ కేంద్రంలో అడగండి. కొందరు ఓనర్లు ఇంటి మీద హక్కు అడుగుతారేమోనని భయపడి దానికి ఒప్పుకోరు. ఆధార్‌లో చిరునామా మారినంత మాత్రాన ఇంటి మీద హక్కు రాదని నెమ్మదిగా చెప్పి చూడండి.

కొత్త ఇంటికి మీ పేరున కరెంటు మీటరు, ఇంటి పన్ను నంబరు రాగానే బియ్యం కార్డు మ్యాపింగ్ అక్కడికి మార్పించుకోండి. బాడుగ ఇంటి ఓనరుకు ఒక నెల ముందే ఖాళీ చేస్తున్నామని చెప్పి, తాళం ఇచ్చే రోజే అడ్వాన్సు లెక్క తేల్చుకోండి.