బేస్‌బాల్ అంపైరింగ్ స్వయంబోధిని – 5వ పాఠం: దుస్తులను వంగి చూసి ఎంచుకోవడం

కిందటి పాఠంలో మాస్కు, ఛాతీ కవచం, షిన్ గార్డులు (మోకాలినీ దాని కింది ఎముకనూ కాపాడే కవచాలు) ఒంటికి సరిగ్గా బిగించుకోవడం నేర్చుకున్నాం. ఈ పాఠానికి అవన్నీ మీ దగ్గర ఉండాలి. ఇంకా సమకూర్చుకోకపోతే ముందు ఆ పని చూడండి, దుస్తులు తర్వాత కొనవచ్చు. ప్లేటు (బ్యాటరు పక్కన నేలలో ఉండే తెల్లని పలక) వెనుక నిలబడే అంపైరు తన చొక్కా, ప్యాంటు కొలతలను కవచాల మీద నుంచి తీసుకోవాలి. వట్టి ఒంటి మీద తీసిన కొలతతో కొన్న ప్యాంటు దుకాణంలో ఎంత అందంగా కనిపించినా మొదటి ఇన్నింగ్స్ పూర్తికాకముందే మోకాలి దగ్గర పట్టేస్తుంది.

ఒకప్పుడు ఈ చిక్కు ఇంతగా ఉండేది కాదు. గాలి నింపిన పెద్ద కవచాన్ని అంపైర్లు కోటుకు బయట, చేతులతో పట్టుకుని నిలబడేవారు. 1905 నుంచి 1941 వరకు, అమెరికాలోని రెండు మేజర్ లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో అంపైరుగా పనిచేసిన బిల్ క్లెమ్ చొక్కా లోపల తొడిగే కవచాన్ని వాడుకలోకి తెచ్చినవారిగా పేరు పొందారు. దాంతో బ్యాటరుకూ క్యాచరుకూ మధ్య ఉన్న సందులోకి ఒదిగి బంతిని దగ్గరగా చూడటం వీలైంది. రెండోదైన అమెరికన్ లీగ్ మాత్రం చాలా దశాబ్దాలు బయటి కవచాన్నే అంటిపెట్టుకుంది. 1977 నుంచి కొత్తగా చేరేవారు లోపలి కవచమే వాడాలన్నారు. పాతవారిలో చివరివరకు బయటి కవచంతో నిలిచిన జెర్రీ న్యూడెకర్ 1985లో విరమించారు. కవచం లోపలికి వెళ్లినప్పటి నుంచి దాన్ని కప్పే పని చొక్కా మీద పడింది. మన చొక్కా కొలత మారిపోవడానికి మూలం అదే.

మూడు స్థితులు

ఈ పాఠంలో ఏ దుస్తులనైనా మూడు స్థితుల్లో పరీక్షిస్తాం: నిలబడి, వంగి, పరిగెత్తుతూ. అద్దం చెప్పేది మొదటి స్థితి గురించే. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో రెండు జట్ల పిచ్చర్లు కలిసి దాదాపు 300 బంతులు విసురుతారు. అంటే ప్లేటు అంపైరు అన్నిసార్లు కూర్చున్నట్లుగా వంగి, మళ్లీ లేవాలి. వంగిన ప్రతిసారీ తల ఒకే ఎత్తులో, కదలకుండా నిలవాలి. నడుము దగ్గర బట్ట లాగుతుంటే మనకు తెలియకుండానే వెన్ను కాస్త ఎత్తుతాం, తలా దానితోపాటే లేస్తుంది. అప్పుడు స్ట్రైక్‌గా లెక్కించే పరిధి కింది అంచున పడిన బంతి మొదటి ఇన్నింగ్స్‌లో ఒకలా, ఏడో ఇన్నింగ్స్‌లో మరోలా కనిపిస్తుంది. దుస్తుల అమరికకు ఒక పాఠమంతా ఇవ్వడానికి నన్ను పురికొల్పింది ఇదే. అంపైరు హుందాగా కనిపించడం ముఖ్యమే, కానీ అతని చూపు నిలకడ అంతకన్నా ముఖ్యం.

ప్యాంటు

ఎక్కువ కాలం పరీక్షించాల్సింది ప్యాంటునే. అంపైర్ల ప్యాంట్లు మూడు రకాలుగా దొరుకుతాయి. ప్లేటు ప్యాంటుకు షిన్ గార్డు పట్టేంత వెడల్పైన కాళ్లు, లోతైన ఫోర్కు (రెండు కాళ్ల బట్ట కలిసే చోటు) ఉంటాయి. బేసుల (ఆటగాళ్లు పరుగెత్తి చేరుకునే చోట్లు) దగ్గర నిలబడేవారి బేసు ప్యాంటు మామూలు ప్యాంటులా సన్నగా ఉంటుంది. మూడోది కాంబో, ఈ రెండింటికీ మధ్యస్థం. ఇద్దరు అంపైర్లే ఉండే ఆటల్లో ఒకరోజు ప్లేటు వెనుక, మరోరోజు బేసుల దగ్గర నిలబడే కొత్తవారు కాంబోతో మొదలుపెట్టడం సబబే. అయితే కింద చెప్పిన మోకాలి పరీక్షలో అది నెగ్గాలి. నెగ్గకపోతే మరో ఆలోచన లేకుండా ప్లేటు ప్యాంటు తీసుకోండి. బేసు దగ్గర కాస్త వదులుగా కనిపించడం వల్ల తీర్పు చెడదు.

ముందుగా షిన్ గార్డులు కట్టుకోండి, వాటి కొక్కేలు కాలికి బయటివైపు ఉండాలి. లోపలివైపు ఉంటే నడిచేటప్పుడు ఒకదానికొకటి తగులుకోవడమే కాక, ప్యాంటు లోపలి బట్టను కూడా గీకి పోగులు లాగుతాయి. బూట్లు వేసుకుని ప్యాంటు తొడగండి. నిలబడి, గార్డు పక్కన బట్టను వేళ్లతో పట్టి చూడండి. రెండు వేళ్ల మందాన మడత చేతికి వస్తే చాలు. ఇప్పుడు ఆటలో వంగినట్లే వంగి, రెండు క్షణాలు ఆగి లేవండి. బట్ట గార్డు మోకాలి చిప్ప మీదుగా జారి పైకి వెళ్లి, మీరు లేవగానే తనంతట తాను కిందికి దిగాలి. చిప్ప మీదే చిక్కుకుని, చేత్తో లాగితే గాని దిగకపోతే ఆ ప్యాంటు మీకు కాదు. మీరు 300 సార్లు వంగి దాన్ని దించుకుంటూ ఉండలేరు.

వంగినప్పుడే వెనుకవైపు కూడా చూడాలి, దీనికి మరొకరి సాయం తీసుకోండి లేదా ఫోనులో వీడియో తీయండి. ఫోర్కు నుంచి తొడల మీదికి అడ్డంగా ముడతలు పరుచుకుంటే సీటు బిగుతుగా ఉన్నట్లు. నడుంపట్టీ వెనుకభాగం కిందికి జారి చొక్కా అంచు కనిపిస్తే ఫోర్కు లోతు చాలనట్లు. రెండోదానికి నడుము సైజు పెంచడం మందు కాదు, చాలామంది చేసే పొరపాటు అదే. నడుము పెంచితే ప్యాంటు ఇంకా జారుతుంది. ఫోర్కు లోతుగా ఉన్న మరో నమూనా చూసుకోవాలి.

నడుము కొలతను కూడా రెండుసార్లు తీయండి: నిలబడి ఒకసారి, వంగి ఒకసారి. వంగినప్పుడు పొట్ట ముందుకు వచ్చి కొలత పెరుగుతుంది. అందుకే మంచి అంపైరు ప్యాంట్ల నడుంపట్టీ పక్కల్లో సాగే గుణం ఉంటుంది, లోపల చొక్కాను పట్టి ఉంచే రబ్బరు పట్టీ కూడా కుడతారు. ఆ రబ్బరు పట్టీని గోటితో గీకి చూడండి. అంటించి వదిలేసింది అయితే కొన్ని ఉతుకులకే ఊడుతుంది, కుట్టినదైతే నిలుస్తుంది.

ఇక బరువు సంగతి. బేస్‌బాల్ బంతి 5 నుంచి 5¼ ఔన్సులు తూగుతుంది. నడుముకు తగిలించుకునే బాల్ బ్యాగులో ఆరు బంతులు వేస్తే ఒక పక్కన 850 గ్రాములకు పైగా వేలాడుతుంది. ఆ బరువంతా బెల్టు మీద, బెల్టు ద్వారా లూపుల మీద పడుతుంది. కాబట్టి నిండిన బ్యాగు తగిలించకుండా చేసిన నడుము పరీక్ష లెక్కలోకి రాదు. లూపులు ఒకటిన్నర, ఒకటిముప్పావు అంగుళాల బెల్టు సులువుగా దూరేంత వెడల్పు ఉండాలి. లూపు రెండు కొనల దగ్గర దట్టమైన అడ్డకుట్టు ఉందా, చూడండి. వేలు దూర్చి గట్టిగా లాగండి, కుట్టు పలుచగా ఉంటే అక్కడే బయటపడుతుంది.

ప్లీట్లు (నడుంపట్టీ కింద ముందువైపు కుట్టే మడతలు) ఉండాలా వద్దా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. బట్ట నాలుగు వైపులా సాగేదైతే ప్లీట్లు లేనిదే తీసుకోండి, ముందుభాగం చదునుగా నీటుగా ఉంటుంది. సాగని బట్టయితే తొడ దగ్గర చోటిచ్చేవి ప్లీట్లే.

బట్ట, కుట్టు

నేటి అంపైరు ప్యాంట్లలో ఎక్కువభాగం పాలిస్టర్‌వి, కొన్నింటిలో ఉన్ని కలుపుతారు. పేరు కన్నా ప్రవర్తన చూడండి. ఒక మూలను పిడికిట్లో నలిపి పది లెక్కపెట్టి వదలండి. ముడతలు వెంటనే విడిపోతే అది ఎండలో, చెమటలో కూడా ఆకారం నిలుపుకుంటుంది. మోకాలి భాగాన్ని రెండు చేతులతో సాగదీసి వదలండి. సాగిన చోట ఉబ్బు మిగిలితే నెల తిరిగేసరికి మోకాళ్లు సంచుల్లా వేలాడతాయి. తొడల మధ్య భాగాన్ని దానితోనే గట్టిగా రుద్ది చూడండి, అప్పుడే నూలు ఉండలు కట్టే బట్టను పక్కన పెట్టండి.

సీటు కుట్టును ప్రత్యేకంగా పరీక్షించాలి. కుట్టుకు రెండు పక్కలా బొటనవేళ్లు పెట్టి ఎడంగా లాగండి. దారాలు పైకి తేలి కళ్లకు కనిపిస్తే కుట్టు వదులుగా ఉంది, లేదా అంగుళానికి పడాల్సినన్ని కుట్లు పడలేదు. జోడు కుట్టు తప్పనిసరి. మేజర్ లీగ్ అంపైర్లు నల్లని లోదుస్తులు వేసుకుంటారన్నది బేస్‌బాల్ లోకంలో అందరికీ తెలిసిన సంగతి. వంగినప్పుడు ప్యాంటు చిరిగితే పరువు దక్కడానికే ఆ జాగ్రత్త. మీరు ఏ స్థాయిలో ఉన్నా దాన్ని పాటించండి. లేత బూడిద రంగు ప్యాంటు చెమటకు తడిస్తే లోపలిది తెలిసే ప్రమాదం కూడా ఉంది. కొనేముందు బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడటం ఇందుకే.

ముందుభాగంలో మోకాలి దాకా లైనింగ్ ఉంటే గార్డు రాపిడి నుంచి బట్టకు రక్షణ. వెనుక జేబులకు గుండీలు ఉండాలి, ఆటగాళ్ల జాబితా కార్డులు, ప్లేటు దులిపే బ్రష్షు పరుగులో పడిపోకూడదు.

రంగు విషయంలో మీ ఇష్టం చెల్లదు. ముదురు బూడిదా, లేత బూడిదా అన్నది మీ సంఘమో లీగో నిర్ణయిస్తుంది. కానీ ఒకే పేరుతో అమ్మే బూడిద రంగు ఇద్దరు తయారీదారుల దగ్గర రెండు ఛాయల్లో ఉంటుంది. పగటి వెలుతురులో తోటి అంపైరు ప్యాంటు పక్కన పెట్టి చూడండి. మైదానంలో ఇద్దరూ ఒకే జట్టుగా కనిపించినప్పుడే ఇద్దరి తీర్పులకూ సమానమైన విలువ దక్కుతుందని నా నమ్మకం.

చొక్కా

ప్లేటు చొక్కా సాధారణంగా మీ మామూలు సైజు కన్నా ఒకటి పెద్దది పడుతుంది. కవచం వేసుకుని, దాని పైనుంచి ఛాతీ కొలత తీసుకోండి. తొడిగాక గుండీల పట్టీ వైపు చూడండి. అది పక్కకు నోరు తెరుస్తున్నా, కవచం అంచులు బట్ట మీద గీతల్లా తేలుతున్నా చిన్నదైనట్లు. భుజం కుట్టు భుజం కొన మీద గాని, కొద్దిగా అవతల గాని పడాలి.

ఇప్పుడు సంజ్ఞలు చేయండి. చొక్కాను ప్యాంటులోకి దోపి, ఆట ఆపమన్నట్లు రెండు చేతులూ పూర్తిగా పైకెత్తండి. తర్వాత ఔట్, స్ట్రైక్ సంజ్ఞలను ఆటలో చేసినంత బలంగా, వరసగా చేయండి. చొక్కా అంచు బయటికి వస్తే నిడివి చాలదు. చంకలో పట్టేస్తే సంజ్ఞ సగంలో ఆగిపోతుంది, డగౌట్‌లో (మైదానం పక్కన జట్టు కూర్చునే చోటు) ఉన్నవారికి అది అంపైరు తడబాటులా కనిపిస్తుంది. చొక్కా చంక కింద, పక్కల్లో సాగే జాలీ బట్ట ఉన్న నమూనాలు ఈ పట్టును తగ్గిస్తాయి.

కాలర్ అంత త్వరగా పాడయ్యే భాగం మరొకటి లేదు. అంచులు చుట్టుకుపోయి అలల్లా లేస్తాయి. దుకాణంలో కాలర్ కొనను వేలి చుట్టూ చుట్టి వదిలి చూడండి, వెంటనే చదునైతే మంచిది. అసలు సంగతి మాత్రం మొదటి ఉతుకు తర్వాతే తెలుస్తుంది, అందుకే ఒకటి కొని, ఉతికి చూశాకే రెండోది కొనండి. చెమట పీల్చే గుణానికి లోపలివైపు ఒక నీటి చుక్క వేయండి. వెంటనే పరుచుకుపోతే చెమట త్వరగా ఆరుతుంది, ముత్యంలా నిలిచిపోతే అది ఒంటికి అంటుకుంటుంది.

ప్లేటు చొక్కానే బేసుల దగ్గరా వేసుకుంటే కవచం లేని చోట బట్ట వేలాడుతుంది. వీలైతే ఒకే రంగులో రెండు సైజులు ఉంచుకోండి.

టోపీ, జాకెట్

టోపీ ముందు అంచు మీది కుట్ల వరసలే దాని పొడవును చెబుతాయి. రెండు లేదా నాలుగు వరసలుంటే పొట్టి అంచు, ప్లేటుకు. ఎనిమిది వరసలది పొడవైనది, బేసులకు. ఆరు వరసలది రెండింటికీ నడుస్తుంది. మాస్కు పెట్టుకుని ఎడమ చేత్తో తీయండి, టోపీ అంగుళం కూడా కదలకూడదు. కదిలితే గాల్లోకి లేచిన బంతి వైపు చూసే క్షణంలో అంచు కళ్లకు అడ్డొస్తుంది. జాకెట్‌కు కొత్త సూత్రాలేమీ లేవు. కవచం, చొక్కా మీద తొడిగి అవే సంజ్ఞలు చేయండి, వంగినప్పుడు జిప్పు గడ్డానికి తగలకుండా చూసుకోండి.

ఈ వారం అభ్యాసం

పూర్తి కవచాలతో, నిండిన బాల్ బ్యాగుతో ఇరవైసార్లు వంగి లేవండి. ప్రతిసారీ చేత్తో ఏది సర్దుకున్నారో కాగితం మీద రాసుకోండి: మోకాలా, నడుమా, కాలరా. తర్వాత కవచాలు తీసి, బేసు ప్యాంటుతో ముప్పై అడుగులు పరిగెత్తి, ఒక్కసారిగా ఆగి, ఎడమవైపు తిరిగి ఔట్ సంజ్ఞ చేయండి. నిలబడిన, వంగిన నడుము కొలతలు, కవచం మీది ఛాతీ కొలత, లోపలి కాలు పొడవు ఒకే కాగితం మీద ఉండాలి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు తయారీదారు పట్టికతో పోల్చడానికి ఇదే ఆధారం.

ప్యాంటు పొడవును మాత్రం ఇప్పుడే తేల్చకండి. చాలా అంపైరు ప్యాంట్లు కింద మడత వేయకుండానే వస్తాయి. గార్డు బట్టను పైకి ఎత్తుతుంది కాబట్టి ప్లేటు ప్యాంటు బేసు ప్యాంటు కన్నా పొడవు ఉండాలి, పైగా ప్లేటు బూటు అడుగు మందాన్ని బట్టి ఆ తేడా మళ్లీ మారుతుంది. బూటు మీద బట్ట ఒక్క చిన్న మడతతో ఆనేలా గుండుసూదులతో నిలిపి ఉంచండి. మిగిలిన బట్టను కత్తిరించకండి. వచ్చే పాఠంలో బూట్లు ఎంచుకున్నాక దర్జీ దగ్గరికి వెళ్దాం.